రోడ్డు పక్కన ఉండేవాళ్ళకి ఈ ఎండల్లో నీళ్ళ సీసా ఇస్తే సరిపోతుందా? ఇంకేం చేయొచ్చు?

ఉదయిని:

అందరికీ నమస్కారం. రోజూ ఆఫీసుకి వెళ్ళే దారిలో ఫ్లైఓవర్ దగ్గర ఒక పెద్దాయన ఉంటాడు, అరవై దాటి ఉంటాయనుకుంటా. కాస్త అవతల మూసేసిన షాపు మెట్ల మీద ఒకావిడ, సామానంతా రెండు సంచుల్లో సర్దుకుని కూర్చుంటుంది. ఎండలు ముదిరినప్పటి నుంచి పొద్దున వెళ్ళేటప్పుడు ఇద్దరికీ తలా ఒక నీళ్ళ సీసా ఇస్తున్నాను. ఇచ్చేసి వెళ్ళి ఏసీలో కూర్చున్నాక మనసంతా అక్కడే ఉంటోంది. సాయంత్రం దాకా ఆ ఒక్క సీసా ఏ మూలకి వస్తుంది?

మొన్న మధ్యాహ్నం పనుండి అటు వెళ్తే పెద్దాయన మందపాటి స్వెట్టర్ వేసుకుని అలాగే పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడా, స్పృహ తప్పిందా అర్థం కాలేదు. లేపితే కసురుకుంటాడేమో, లేపకపోతే ఏమైపోతాడో అని ఒకటే టెన్షన్. కాసేపటికి తనే అటు తిరిగి పడుకున్నాడు కాబట్టి వచ్చేశాను. ఆవిడ సంగతి ఇంకోటి, నీళ్ళు తీసుకుంటుంది గానీ తాగగా ఎప్పుడూ చూడలేదు, ఇచ్చిన సీసాలు మూత కూడా తీయకుండా పక్కనే ఉంటున్నాయి. షెల్టర్‌కి వెళ్తారా, నేను తీసుకెళ్తాను అంటే ఇద్దరూ రామన్నారు.

ఎక్కడ విరాళం ఇవ్వాలని అడగడం లేదు. నేను స్వయంగా ఏం చేయగలను, ఏం చేయకూడదు, అది తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఎమర్జెన్సీ_నర్సు:

ఉదయిని గారూ, నేను ఆసుపత్రి ఎమర్జెన్సీలో పనిచేస్తాను. ముందు ఆ పెద్దాయన గురించి చెప్తాను, ఎందుకంటే ఎండాకాలంలో మా దగ్గరికి ఆలస్యంగా తీసుకొచ్చేవాళ్ళలో ఎక్కువమంది సరిగ్గా ఇలాంటివాళ్ళే. పడుకున్నాడులే అనుకుని జనం పక్కనుంచి వెళ్ళిపోతారు.

లేపండి. కసురుకుంటే కసురుకోనివ్వండి, కసురుకున్నాడంటే తెలివిలో ఉన్నాడని అర్థం, అంతకన్నా మంచి వార్త ఏముంది. మరీ మీద పడకుండా కొంచెం ఎడంగా, కాళ్ళ వైపు నిలబడి గట్టిగా పిలవండి. పలక్కపోతే భుజం తట్టండి. కళ్ళు తెరిచాక పేరేంటి, ఇది ఏ చోటు, పొద్దున ఏమన్నా తిన్నావా అని మామూలుగా మాట కలపండి. జవాబు సూటిగా వస్తే తలనొప్పిగా ఉందా, కళ్ళు తిరుగుతున్నాయా, వాంతి వచ్చేలా ఉందా, కాళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయా అని అడగండి. ఇవి ఉండి మనిషి మాత్రం తెలివిగా మాట్లాడుతుంటే ఎండకి బాగా డస్సిపోయాడని. నీడలోకి మార్చి, ఒళ్ళు తడిపి, నీళ్ళు కొద్దికొద్దిగా తాగిస్తే అరగంటలో తేరుకోవాలి. అరగంట దాటినా అలాగే ఉంటే అంబులెన్స్ పిలవడమే.

మాట ముద్దముద్దగా వస్తున్నా, అడిగినదానికి సంబంధం లేకుండా మాట్లాడుతున్నా, నడుస్తూ తూలుతున్నా, ఊరికే చిరాకుపడి మీదికొస్తున్నా, ఫిట్స్ వచ్చినా, అసలు లేవకపోయినా అది వడదెబ్బ అనే అనుకోండి. లోపలి వేడి 40 డిగ్రీలు (అంటే 104 ఫారన్‌హీట్) దాటితే మొదట దెబ్బతినేది మెదడే, అందుకే మనిషి తీరు మారిపోతుంది. రోడ్డు మీద ఉన్న మనిషి తీరు మారితే చూసేవాళ్ళు ఏమంటారు? తాగేసి పడ్డాడు అంటారు. నాకు కడుపు మండిపోయేది ఇక్కడే. తాగి ఉండొచ్చు కూడా, తాగినవాడికి వడదెబ్బ ఇంకా తొందరగా తగులుతుంది కాబట్టి అప్పుడు రెట్టింపు జాగ్రత్త పడాలి, వదిలేసి వెళ్ళడానికి అదో కారణం కాదు. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు అని కూడా తేల్చేయకండి, కొందరికి ఒళ్ళు ఎండిపోయి కాలిపోతుంటుంది, కొందరికి చెమట పడుతూనే ఉంటుంది.

అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడొద్దు. ఆ మొదటి అరగంటలో ఒంటి వేడి ఎంత దించగలిగితే ప్రాణానికి అంత భరోసా. నీడలోకి లాగండి, పై బట్టలు వదులు చేయండి, ఒంటి నిండా నీళ్ళు పోయండి, అట్టముక్కో పేపరో ఏది దొరికితే దాంతో గట్టిగా విసరండి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడకి రెండు పక్కలా, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. చల్లటి నీళ్ళు ఒక్కసారిగా పోస్తే ప్రమాదం కదా అని ఆగేవాళ్ళున్నారు, వడదెబ్బ తగిలినప్పుడు ఆగకూడదు. తెలివిలో లేని మనిషి నోట్లో నీళ్ళు మాత్రం పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. జ్వరం మాత్ర వేయకండి, ఇది జ్వరం కాదు, ఆ మందు దీనికి పనిచేయదు, పైగా అప్పటికే దెబ్బతింటున్న కాలేయం మీద భారం.

ఇంకొకటి, వీలు చూసుకుని వాళ్ళు ఏం మందులు వాడుతున్నారో కనుక్కోండి. మానసిక జబ్బులకి ఇచ్చే కొన్ని మందులు ఒంట్లో వేడిని అదుపు చేసే పద్ధతినే పాడుచేస్తాయి, కొన్ని చెమటని తగ్గిస్తాయి. బీపీకీ గుండెకీ ఇచ్చే, మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు ఒంట్లో నీటిని లాగేస్తాయి. అలాగని మానేయమని మనం చెప్పకూడదు, డాక్టర్ చూడాలి. ఆ మనిషిని మిగతావాళ్ళకన్నా ఎక్కువసార్లు చూసుకోవాలని మనకి తెలియాలి, అంతే. షుగరుండి ఇన్సులిన్ వాడేవాళ్ళయితే అది ఎక్కడ దాచుకుంటున్నారో అడగండి, ఎండలో సంచిలో పెట్టిన ఇన్సులిన్ పనిచేయకుండా పోతుంది.

నడకదారి:

నర్సు గారు చెప్పింది ప్రింట్ తీసి గోడకి అంటించుకోవాలి. నేను కొంతమందితో కలిసి వేసవిలో ఇల్లు లేనివాళ్ళ దగ్గరికి తిరుగుతుంటాను, మిగతా సందేహాలకి నాకు తెలిసింది చెప్తా.

స్వెట్టర్ విషయం. కొత్తగా ఈ పనికి వచ్చినవాళ్ళు మొదట అడిగేది ఇదే, ఇంత ఎండలో ఎందుకు తీయడు అని. తీస్తే ఎక్కడ పెడతాడు? తల కింద పెట్టుకుంటే నిద్రలో పోతుంది, పోతే చలికాలానికి మళ్ళీ ఏదీ? ఒంటి మీద ఉన్నదే బీరువా వాళ్ళకి. కొందరికి లోపల చొక్కా కూడా ఉండదు, ఆ సంగతి చెప్పుకోలేక తీయరు. కొందరికి మందుల వల్లో మనసు బాగోకో వేడి తెలియదు కూడా. అందుకని తీసేయమని చెప్పడం కాకుండా, వదులుగా ఉండే పలచటి నూలు చొక్కా ఒకటి, మూతి గట్టిగా కట్టుకునే సంచి ఒకటి ఇచ్చి, దీంట్లో పెట్టుకో తాతా అనండి. వెంటనే మార్చుకోకపోవచ్చు. ఇచ్చి వచ్చేయండి, మర్నాడు చూద్దురుగాని.

ఇక ఆవిడ నీళ్ళు తాగకపోవడం. నాకైతే దాహం లేక కాదనిపిస్తోంది. నీళ్ళు తాగితే వెళ్ళాల్సి వస్తుంది, వెళ్ళడానికి చోటు లేదు. రోడ్డు మీద ఉండే ఆడవాళ్ళు చాలామంది చీకటి పడేదాకా గొంతు తడుపుకోవడమే తప్ప కడుపునిండా తాగరు. మీరు ఎన్ని సీసాలిచ్చినా అలా పక్కన పేరుకుపోవాల్సిందే. దగ్గర్లో పగలు వాడుకోనిచ్చే టాయిలెట్ ఎక్కడుందో మీరు చూసి పెట్టండి, వీలైతే మొదటిసారి మీరే తోడు వెళ్ళండి, ఎందుకంటే ఆవిడ ఒంటరిగా వెళ్తే గుమ్మంలోనే ఆపేస్తారు, మీరు పక్కనుంటే ఆపరు. రెండోసారి నుంచి ముఖం గుర్తుంటుంది. ఈ పని మీరు ఆడవాళ్ళు కాబట్టి మాకన్నా బాగా చేయగలరు. ఆవిడ వెళ్ళొచ్చేదాకా సంచులు చూసుకోవడానికి ఎవరైనా కావాలి, అది కూడా మర్చిపోకండి, లేకపోతే లేవదు.

నేల గురించి ఎవరూ ఆలోచించరు. గాలి 40 ఉంటే ఎండలో ఉన్న తారు రోడ్డు 60 దాటిపోతుంది. చెప్పుల్లేని కాళ్ళు, దాని మీద పడిపోయి లేవలేని మనిషి, కొద్దిసేపట్లోనే చర్మం కాలిపోతుంది. కాబట్టి నీళ్ళ తర్వాత నేను ఇచ్చేది చెప్పులు, ఆ తర్వాత మందపాటి అట్టలు. రెండు మూడు అట్టపెట్టెలు విప్పి కింద వేసినా వేడి తగలడం తేలిగ్గా తెలిసేంత తగ్గుతుంది. నీడ కూడా చూడండి, పొద్దున మీరు వెళ్ళేటప్పుడు నీడగా ఉన్నచోటు మధ్యాహ్నం రెండింటికి ఎండలో ఉంటుంది. పెద్దాయన ఉండేచోట ఏ వేళకి ఎండ ఎటు వస్తుందో ఒక సెలవు రోజు గమనించి, ఎటు జరిగితే మంచిదో ఆయనతో మాట్లాడండి.

సీసా ఒకటి కాదు, పెద్ద క్యాను ఒకటి నింపి నీడలో పెట్టి, మూత ఉన్న గ్లాసు ఇవ్వడం మేలు. తువ్వాలు ఇచ్చి తడిపి మెడ మీద వేసుకోమనండి, చొక్కానే తడుపుకుంటే ఇంకా మంచిది. తాగే నీళ్ళు తాగడానికే దాచుకుంటారు, ఒంటి మీద పోసుకోరు, అందుకని పోసుకోవడానికి వేరే సీసా ఇచ్చి ఇది దానికేనని చెప్పాలి.

గూడు_దొరికింది:

కొంతకాలం నేనూ రోడ్డు మీద బతికాను. ఇప్పుడు గది ఉంది, పని ఉంది.

షెల్టర్‌కి ఇద్దరూ రామన్నారని మీరు రాశారు. నేను వెళ్ళనిది ఎందుకంటే, సామాను లోపలికి తేవద్దన్నారు, బయట పెడితే ఉండదు. సాయంత్రం ఫలానా టైముకే లోపలికి రావాలి, నాకు దొరికే పని ఆ టైముకే. పొద్దున్నే అందర్నీ బయటికి పంపేస్తారు, అంటే అసలు ఎండ ఉన్నప్పుడు మళ్ళీ రోడ్డు మీదే. కుక్కని పెంచుకున్నవాళ్ళు కుక్కని వదిలి రారు. భార్యాభర్తలైతే విడివిడిగా పడుకోవాలి. ఆడవాళ్ళ భయాలు ఆడవాళ్ళకే తెలుసు. రానన్నారంటే వాళ్ళకి మొండితనం అనుకోకండి, ఎందుకు రావట్లేదో అడగండి, ఒక్కోసారి అడ్డం చాలా చిన్నది ఉంటుంది, మీరు ఒక ఫోన్ చేస్తే తీరిపోయేది.

ఎండాకాలంలో మమ్మల్ని ఎండ కన్నా ఎక్కువ తరిమింది మనుషులు. చల్లగా ఉన్నచోటల్లా ఒక వాచ్‌మన్ ఉంటాడు. చెట్టు కింద బెంచీ ఉంటే దాని మధ్యలో ఇనప కమ్మీ పెడతారు పడుకోకుండా. మాల్‌లో ఏసీ ఉంది, స్టేషన్‌లో ఫ్యాన్ ఉంది, లైబ్రరీలో కుర్చీ ఉంది, నా బట్టలు చూసి ఎక్కడా నిలబడనివ్వలేదు. ఒకచోట లైబ్రరీ చూసుకునే పెద్దమనిషి మాత్రం, బాత్‌రూంలో ముఖం కడుక్కుని వచ్చి మూల టేబుల్ దగ్గర కూర్చో, పేపర్ ముందు పెట్టుకో అన్నారు. మధ్యాహ్నం గండం గడిచేది. ఆయన నాకు పైసా ఇవ్వలేదు, కూర్చోనిచ్చారు. నీళ్ళ సీసా ఇచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకీ దణ్ణం పెడతాను, కానీ చల్లటి చోట రోజుకి రెండు మూడు గంటలు కూర్చుంటే ఒళ్ళు తేరుకున్నట్టు దేనితోనూ తేరుకోదు. మీకు తెలిసిన ఆఫీసు, గుడి, చర్చి, మసీదు, హాలు ఏదైనా సరే, మధ్యాహ్నం ఒక వరండా ఫ్యాన్ వేసి ఉంచమని అడగగలరా? మేం అడిగితే ఎవరూ వినరు.

రాత్రి గురించి కూడా. పొద్దు కుంకితే చల్లబడుతుందనుకుంటారు. పొయ్యి ఆపేసినా పెనం వేడి దిగనట్టు, పగలంతా కాగిన సిమెంటు గోడలు అర్ధరాత్రి దాకా సెగ వదులుతూనే ఉంటాయి. నిద్ర పట్టదు, దోమలు, ఎవరు ఏం లాక్కుపోతారో అని భయం. నాలుగు రాత్రులు అలా గడిస్తే ఐదో రోజు మామూలు ఎండకే మనిషి కూలిపోతాడు.

ఇంకొకటి, ఇచ్చేటప్పుడు ఫోటో తీయొద్దు. ఇది ఎవరు చేసినా నేను నీళ్ళు తీసుకునేవాణ్ణి కాదు, దాహంతో ఉన్నా.

ఎమర్జెన్సీ_నర్సు:

చల్లటి చోటు గురించి, రాత్రి వేడి గురించి పైన రాసింది వైద్యపరంగా నూటికి నూరు పాళ్ళు నిజం. గాలి వేడి మన చర్మం వేడిని (సుమారు 35 డిగ్రీలు) దాటిందంటే చుట్టూ ఉన్న గాలే ఒంటికి వేడి ఎక్కిస్తుంది, చల్లబడటానికి చెమట ఆరడం తప్ప వేరే దారి ఉండదు. ఉక్కపోత ఎక్కువగా ఉంటే ఆ చెమట కూడా ఆరదు. రాత్రి కూడా చల్లబడకపోతే గుండెకి విశ్రాంతి దొరకదు. వడగాలుల్లో మరణాలు మొదటి రోజుకన్నా రెండో మూడో రోజుల నుంచి పెరగడానికి ఇదొక కారణం. ఫ్యాన్ గురించి ఒక మాట: 40 దాటాక ఒట్టి ఫ్యాన్ వేడి గాలినే కొడుతుంది, మనిషిని తడిపి కూర్చోబెట్టి వేయాలి. అలాగే వేసవి మొదట్లో వచ్చే ఎండల్ని తేలిగ్గా తీసుకోకండి, ఒళ్ళు వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.

సూటిమాట:

అందరూ మంచి మాటలే చెప్తున్నారు, నాదొక అనుమానం. ఇలా నీళ్ళు, అట్టలు, చెప్పులు రోడ్డు మీదికే తెచ్చిస్తుంటే వాళ్ళు అక్కడే స్థిరపడిపోరా? ఇది ప్రభుత్వాలు చేయాల్సిన పని, మనం చేస్తే వాళ్ళు ఇంకా పట్టించుకోరు. పైగా ఏమన్నా తేడా జరిగితే మన మీదికొస్తుంది.

నడకదారి:

సూటిమాట గారూ, కోపం లేదు, ఈ ప్రశ్న మాకు ఇళ్ళలో కూడా ఎదురవుతుంది. నీళ్ళు దొరుకుతున్నాయని ఎవరూ తారు రోడ్డు మీద కాపురం పెట్టరండీ. నీళ్ళు ఇవ్వకపోతే ఆ మనిషికి ఇల్లు దొరకదు, చనిపోతాడు, తేడా అంతే. రెండో మాట మీరన్నది నిజం, ఇది ప్రభుత్వాలు చేయాల్సిందే. అమెరికాలో ఫీనిక్స్ నగరం ఉన్న మారికోపా కౌంటీ సంగతి చూడండి, డబ్బు లేని చోటు కాదు. 2023లో ఫీనిక్స్‌లో జూన్ 30 నుంచి జులై 30 దాకా వరసగా 31 రోజులు 43 డిగ్రీల పైనే నమోదైంది. ఆ ఏడాది ఎండ వల్ల చనిపోయినవాళ్ళు 645 మంది అని కౌంటీ లెక్క తేల్చింది, అందులో 45 శాతం దాకా ఇల్లు లేనివాళ్ళు. ఎండ నుంచి తలదాచుకునే చల్లటి కేంద్రాలు ఉన్నా చాలావాటికి సాయంత్రం తాళం పడిపోయేది. 2024లో ఫీనిక్స్ నగరం కొన్నిటిని రాత్రంతా, కొన్నిటిని రాత్రి 10 దాకా తెరిచి ఉంచింది, ఆ ఏడాది మరణాలు కొంత తగ్గాయి. ఒక్క దానివల్లే తగ్గాయని నేననను. కానీ కేంద్రం ఉండటం వేరు, మనిషికి అవసరమైన వేళ తలుపు తెరిచి ఉండటం వేరు. మన స్థానిక అధికారులకి రాసేటప్పుడు షెల్టర్లు కట్టండి అని రాసి ఊరుకోకుండా, ఫలానా హాలు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి దాకా తెరవండి, సామానుకి చోటివ్వండి, ఆడవాళ్ళకి వేరే గది ఇవ్వండి అని రాస్తే పని జరిగే అవకాశం ఉంది. రాయడమూ చేయాలి, నీళ్ళూ ఇవ్వాలి.

గూడు_దొరికింది:

సూటిమాట గారూ, నాకు ఎవరో నీళ్ళిచ్చారు కాబట్టే ఇప్పుడు ఇక్కడ మీకు జవాబు రాస్తున్నాను.

ఉదయిని:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. టాయిలెట్ సంగతి నాకు తట్టనే లేదు, అదీ ఒక ఆడదాన్ని అయ్యుండి. ఈరోజు ఆవిడతో కూర్చుని మెల్లగా అడిగితే నవ్వి ఊరుకుంది, తర్వాత తలూపింది. దగ్గర్లోనే ఒక పెట్రోల్ బంకు ఉంది, అక్కడి అమ్మాయితో మాట్లాడాను, రమ్మంది. ఆవిడ వెళ్ళొచ్చేదాకా సంచుల దగ్గర నేను కూర్చున్నాను. వచ్చాక నా ఎదురుగానే సగం సీసా గటగటా తాగేసింది.

పెద్దాయనకి చొక్కా ఇచ్చాను, మడిచి సంచిలో పెట్టుకున్నాడు, వేసుకోలేదు. పేరు మాత్రం చెప్పాడు. కుడి కాలి మడమ దగ్గర బొబ్బ ఉంది, ఎర్రగా చితికిపోయి, మీరు చెప్పిన నేల వేడి వల్లే అయ్యుంటుంది.

ఇంకో రెండు అడగాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రోజూ ఇవ్వొచ్చా? ఆదివారాలు, నేను ఊళ్ళో లేని రోజులు ఎవరు చూస్తారు?

ఎమర్జెన్సీ_నర్సు:

బొబ్బ చితికిందంటే చీము పట్టకముందే చూపించాలి, కాళ్ళ పుండుతో నడవలేకపోతే నీడకి కూడా జరగలేడు. దగ్గర్లో ఉన్న ఆరోగ్య కేంద్రానికి మీతో వస్తాడేమో అడగండి, వెంటనే రానంటే ఈలోపు శుభ్రమైన నీళ్ళతో కడిగి, పొడి గుడ్డ వదులుగా కట్టండి. షుగరుందా అని అడగడం మర్చిపోవద్దు.

ఓఆర్‌ఎస్ బాగా చెమటపట్టి డస్సిపోయినప్పుడు, విరేచనాలో వాంతులో అయినప్పుడు ఇవ్వండి. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్ళకి రోజూ అంత ఉప్పు మంచిది కాదు, మామూలు రోజుల్లో నీళ్ళూ తిండీ చాలు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు రాసి ఉంటే అన్నింట్లోనే మొత్తం ప్యాకెట్ కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ పోసేసుకుంటారు, అది మేలుకన్నా కీడు చేస్తుంది, అందుకని మీరే సీసాలో కలిపి ఇవ్వండి. ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు మంచినీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి. కలిపింది ఒక రోజుకి మించి ఉంచకూడదు.

నడకదారి:

ఆదివారానికి ఆ బంకు అమ్మాయినే అడగండి, ఆల్రెడీ ఒక సాయం చేసింది కాబట్టి రెండోది కాదనదు. పక్కన షాపులవాళ్ళు, ఆటో స్టాండు వాళ్ళు, రోడ్డు ఊడ్చేవాళ్ళు, రోజంతా అక్కడే ఉండే నలుగురికి చెప్పండి. వాళ్ళు పెద్ద పనేమీ చేయనక్కర్లేదు, మధ్యాహ్నం రెండింటికోసారి, నాలుగింటికోసారి పలకరించి, మాట తేడాగా అనిపిస్తే ఫోన్ చేయాలి. ఫోన్ చేస్తే అంబులెన్స్ వాళ్ళు మొదట అడిగేది ఎక్కడ అని. ఫ్లైఓవర్ కింద అంటే ఈ చివర నుంచి ఆ చివరకి వెతుక్కుంటూ తిరుగుతారు. ఆయన ఉండేది ఏ స్తంభం దగ్గరో దాని నంబరు, ఎదురుగా ఉన్న షాపు పేరు, ఏ వైపు రోడ్డు నుంచి బండి రాగలదో ఒక చీటీ మీద రాసి ఆ నలుగురికీ తలొకటి ఇవ్వండి, మీ ఫోన్ నంబరు కూడా రాయండి. పెద్దాయన పేరు చెప్పాడన్నారు కదా, ఆయన ఒప్పుకుంటే అది కూడా రాయండి, పేరు పెట్టి పిలిస్తే పలికేదీ లేనిదీ వాళ్ళకి తెలుస్తుంది.